గురువారం లెక్కలో ఎవరు కనిపిస్తారు, ఎవరు కనిపించరు

అమెరికా కార్మిక శాఖ ప్రతి గురువారం ఉదయం 8.30 గంటలకు, అంటే భారత కాలమానం ప్రకారం అక్కడి వేసవి వేళల్లో సాయంత్రం ఆరింటికి, చలికాలపు వేళల్లో ఏడింటికి, ఒక అంకెను విడుదల చేస్తుంది. అంతకు ముందు శనివారంతో ముగిసిన వారంలో నిరుద్యోగ భృతి కోసం దేశమంతటా ఎన్ని కొత్త దరఖాస్తులు దాఖలయ్యాయో చెప్పే అంకె అది. ఉద్యోగాల తీరుతెన్నులు తెలిపే మిగతా గణాంకాలు చాలావరకు నెలకోసారి వస్తాయి, పైగా అవి నమూనా సర్వేల మీద ఆధారపడతాయి. నిరుద్యోగ రేటునే తీసుకుంటే, ఎంపిక చేసిన సుమారు 60,000 కుటుంబాలను ప్రశ్నించి, ఆ జవాబుల నుంచి దేశం మొత్తానికి అంచనా కడతారు. వారపు క్లెయిముల విషయంలో ఆ అంచనా అక్కరలేదు. ఉద్యోగం పోయిన మనిషి తన రాష్ట్రంలో పెట్టుకున్న దరఖాస్తే నేరుగా లెక్కలోకి ఎక్కుతుంది. మాంద్యపు ఛాయలను అందరికంటే ముందు పసిగట్టాలనుకునే మార్కెట్లూ, ఫెడరల్ రిజర్వ్ అధికారులూ, పత్రికలూ ఈ అంకె కోసం కాచుకుని కూర్చోవడానికి కారణం ఇదే. అయితే భృతి కార్యాలయం గడప దాకా చేరగలిగిన నిరుద్యోగం మాత్రమే ఇందులో నమోదవుతుందన్న సంగతి మరిచిపోయి చదివితే, ఆ అంకె పెరిగినా తగ్గినా దాని అర్థం తప్పిపోతుంది.

ఆ గడప రాష్ట్రానికో తీరుగా ఎందుకు ఉందో తెలియాలంటే మహామాంద్యపు రోజుల్లోకి వెళ్లాలి. దేశంలో తొలి నిరుద్యోగ బీమా చట్టాన్ని విస్కాన్సిన్ రాష్ట్రం 1932లో చేసింది. దాని కింద మొదటి చెక్కు, 15 డాలర్లకు, 1936 ఆగస్టులో జారీ అయింది. ఈలోగా, అమెరికా మంత్రివర్గంలో స్థానం పొందిన తొలి మహిళ, కార్మిక మంత్రి ఫ్రాన్సిస్ పెర్కిన్స్ అధ్యక్షతన పనిచేసిన కమిటీ సిఫార్సుల మేరకు రూపొందిన సామాజిక భద్రతా చట్టంపై అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1935 ఆగస్టు 14న సంతకం చేశారు. భృతి బాధ్యతను పూర్తిగా కేంద్రం చేతిలో పెట్టకుండా, రాష్ట్రాలను ఆ దారిలోకి తెచ్చే ఒక పన్ను ఏర్పాటును ఆ చట్టం ఎంచుకుంది. యజమాని చెల్లించే జీతాల మీద కేంద్రం పన్ను వేస్తుంది. రాష్ట్రం నిబంధనల ప్రకారం తనకంటూ ఒక నిరుద్యోగ బీమా పథకాన్ని నడిపితే, ఆ పన్నులో సింహభాగాన్ని అక్కడి యజమానులకు మినహాయిస్తుంది. ఇప్పుడు ఆ రేటు 6 శాతం, మినహాయింపు 5.4 శాతం, అది కూడా ఒక్కో ఉద్యోగి వార్షిక జీతంలో మొదటి 7,000 డాలర్ల మీద మాత్రమే. జీతాలు ఎన్నో రెట్లు పెరిగినా ఆ 7,000 పరిమితి 1983 నుంచి కదలలేదు.

ఈ ఏర్పాటు వల్ల దేశంలో ఒకే నిరుద్యోగ బీమాకు బదులు 50 రాష్ట్రాలతో పాటు రాజధాని ప్రాంతం, ప్యూర్టో రికో, వర్జిన్ దీవులు కలిపి 53 వేర్వేరు పథకాలు నడుస్తున్నాయి. మిసిసిపీలో వారపు భృతి గరిష్ఠంగా 235 డాలర్ల దగ్గర ఏళ్ల తరబడి నిలిచిపోగా, మసాచుసెట్స్‌లో అది వెయ్యి డాలర్లు దాటుతుంది. చాలా రాష్ట్రాలు 26 వారాల దాకా చెల్లిస్తుంటే, ఫ్లోరిడా, నార్త్ కరోలినా రాష్ట్రాలు నిరుద్యోగ రేటు తక్కువగా ఉన్న కాలంలో 12 వారాలకే ఆపేస్తాయి. మాజీ ఉద్యోగులకు ఎంత ఎక్కువ భృతి చెల్లించాల్సి వస్తే ఆ యజమానిపై రాష్ట్రపు పన్ను రేటు అంత పెరుగుతుంది కాబట్టి, దరఖాస్తుదారుకు అర్హత లేదని వాదించడం యజమానికి లాభదాయకం. భృతి తక్కువగా, గడువు కురచగా, వాదన గట్టిగా ఉన్న చోట చాలామంది దరఖాస్తు జోలికే పోరు. అందువల్ల రెండు రాష్ట్రాల్లో ఒకే సంఖ్యలో ఉద్యోగాలు పోయినా గురువారం లెక్కలో అవి ఒకేలా కనిపించవు.

కార్మిక శాఖ ప్రకటనలో ప్రధానంగా రెండు అంకెలుంటాయి. ఉద్యోగం పోయాక మొదటిసారి పెట్టే దరఖాస్తును తొలి క్లెయిము అంటారు. ఆ తర్వాత తాను ఇంకా పనిలేకుండానే ఉన్నానని, పని వెతుకుతున్నానని ప్రతి వారం ధ్రువీకరించి భృతి కోరడాన్ని కొనసాగే క్లెయిము అంటారు. ఈ లెక్క మరో వారం ఆలస్యంగా వెలువడుతుంది. ఒక్క వారపు ఎగుడుదిగుళ్లు దృష్టిని మళ్లించకుండా నాలుగు వారాల సగటును కూడా పక్కనే ఇస్తారు. తొలి క్లెయిములు ఉద్యోగాల తొలగింపు జోరును చెబితే, కొనసాగేవి మళ్లీ పని దొరకడం ఎంత కష్టంగా ఉందో చెబుతాయి. ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. 2025 వేసవిలో తొలి క్లెయిములు రెండు లక్షల పైచిలుకు దగ్గరే నిలకడగా ఉండగా, కొనసాగే క్లెయిములు 19 లక్షలు దాటి, 2021 చివరి తర్వాత ఎన్నడూ లేని స్థాయికి చేరాయి. సంస్థలు ఉన్నవారిని పెద్దగా తీసేయకపోయినా కొత్తవారిని చేర్చుకోవడం లేదని, ఒకసారి బయటపడిన మనిషికి లోపలికి దారి దొరకడం లేదని ఆ జంట అంకెలు తెలిపాయి. మొదటి అంకెను మాత్రమే శీర్షికకెక్కించిన పత్రికల్లో ఆ సంగతి పాఠకుడికి అందలేదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది కాలానుగుణ సవరణ. డిసెంబరు అమ్మకాలు ముగియగానే దుకాణాలు తాత్కాలిక సిబ్బందిని పంపేస్తాయి. చలి ముదిరితే కట్టడాల పనులు ఆగుతాయి. జులైలో మిషిగన్ కార్ల కర్మాగారాలు కొత్త నమూనాలకు యంత్రాలు సిద్ధం చేసుకోవడానికి మూతపడతాయి. ఏటా తప్పనిసరిగా వచ్చే ఈ హెచ్చుతగ్గులను తీసివేసి చూపడానికి, గత సంవత్సరాల తీరును బట్టి ఒక్కో వారానికి ఒక గుణకాన్ని ముందుగానే నిర్ణయించి, అసలు సంఖ్యను దానితో భాగిస్తారు. జనవరి మొదటి వారాల్లో అసలు దరఖాస్తులు మూడు లక్షలు దాటినా పత్రికల్లో రెండు లక్షల చుట్టూ కనిపించడం ఈ సవరణ ఫలితమే. మామూలు రోజుల్లో ఇది సవ్యంగానే పనిచేస్తుంది.

2020 మార్చిలో ఆ పద్ధతి తట్టుకోలేకపోయింది. అంతకు ముందు ఒక్క వారంలో నమోదైన అత్యధిక సంఖ్య 1982 అక్టోబరు నాటి 6,95,000. కరోనా కట్టడితో మార్చి 21తో ముగిసిన వారంలో అది ఒక్క ఉదుటున 32,83,000కు, ఆ మరుసటి వారం 66,48,000కు ఎగబాకినట్టు తొలి ప్రకటనలు తెలిపాయి. కానీ ఆ రెండో వారంలో రాష్ట్రాల కార్యాలయాలకు నిజంగా అందినట్టు అప్పుడు నమోదైనవి 58,23,917 దరఖాస్తులే. మార్చి చివరలో దరఖాస్తులు సాధారణంగా తక్కువగా ఉంటాయన్న పాత అనుభవంతో ఆ వారపు గుణకం సుమారు 87.6 శాతంగా స్థిరపడి ఉంది. దానితో భాగించేసరికి ఎవరూ పెట్టని ఎనిమిది లక్షల పైచిలుకు దరఖాస్తులు లెక్కలోకి వచ్చి చేరాయి. రెండు లక్షల దరఖాస్తులు వచ్చే వారానికి ఆ సవరణ కలిపేది దాదాపు 28,000 మాత్రమే. మహమ్మారికి ఋతువులతో పని లేదు. అయినా గుణకపు పద్ధతి ఆ ఉత్పాతాన్ని కూడా ఋతువుల కొలతతోనే కొలిచింది.

కార్మిక శాఖ ఆ పద్ధతిని తాత్కాలికంగా మార్చి, నిర్ణీత సంఖ్యను కలపడం లేదా తీసివేయడం అనే సంకలన పద్ధతికి మళ్లింది. కొత్త లెక్క మొదటిసారి 2020 సెప్టెంబరు 3న వెలువడినప్పుడు శీర్షికలోని అంకె ముందు వారం కంటే 1,30,000 తగ్గి 8,81,000 అయింది. అదే వారంలో అసలు దరఖాస్తులు 7,591 పెరిగాయి. వెనకటి వారాలను అప్పటికప్పుడు కొత్త పద్ధతిలోకి మార్చకపోవడంతో, పోల్చకూడని రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టినట్టయింది. గుర్తుపెట్టుకోవలసిన సంగతేమిటంటే, మహమ్మారి కాలపు శిఖరం తర్వాతి సవరణల్లో దాదాపు 61 లక్షలకు దిగివచ్చింది. కానీ జనం మనసులో నాటుకున్నది మొదటి అంకే.

దరఖాస్తుల గుట్టకు మనుషుల సంఖ్యతో ఉన్న సంబంధం కూడా ఆ ఏడాది తెగిపోయింది. న్యూజెర్సీలో దశాబ్దాల నాటి కోబాల్ భాషలో రాసిన కంప్యూటర్ వ్యవస్థ భారానికి కుంగిపోతుంటే, ఆ భాష తెలిసినవారు స్వచ్ఛందంగా ముందుకు రావాలని గవర్నర్ ఫిల్ మర్ఫీ 2020 ఏప్రిల్‌లో పిలుపునిచ్చారు. ఫ్లోరిడాలో ఆన్‌లైన్ వ్యవస్థ మొరాయించడంతో హయలీయా పట్టణంలో కాగితపు దరఖాస్తుల కోసం వందలాది మంది బారులు తీరారు. ఆ వారాల్లో గడప దాటలేకపోయినవారు తర్వాతి వారాల లెక్కలోకి వచ్చారు. స్వయం ఉపాధి, గిగ్ పనివారి కోసం 2020 మార్చి చివరిలో తెచ్చిన ప్రత్యేక పథకంలో ఒకే మనిషి పాత వారాలన్నిటికీ కలిపి ఒకేసారి కోరిన భృతి అన్నిసార్లు లెక్కకెక్కింది. ఈ అంకెలను భృతి కోరుతున్న వ్యక్తుల సంఖ్యగా భావించడం తప్పని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఆ నవంబరులోనే హెచ్చరించింది. మహమ్మారి కాలంలో మోసగాళ్ల పాలైన భృతి 10,000 కోట్ల నుంచి 13,500 కోట్ల డాలర్ల మధ్య ఉంటుందని అదే సంస్థ తర్వాత అంచనా వేసింది.

మహమ్మారి తర్వాత కూడా మోసం ఈ లెక్కను కదిలించింది. 2023 మేలో క్లెయిములు 2,64,000కు పెరగడంతో మాంద్యం మొదలైందన్న చర్చ జరిగింది. మసాచుసెట్స్‌లో దొంగ దరఖాస్తులు వెల్లువెత్తాయని తేలాక అంకెలు కిందికి వచ్చాయి. తుపాన్లదీ అదే తీరు. 2024 అక్టోబరు 5తో ముగిసిన వారంలో క్లెయిములు 2,58,000కు చేరడంలో హెలీన్ తుపాను దెబ్బతిన్న నార్త్ కరోలినా వంటి రాష్ట్రాల పాత్ర ఉంది. జాతీయ మొత్తంలో కదలిక కనిపించినప్పుడు రాష్ట్రాల పట్టికలోకి దిగి, ఆ కదలిక ఎన్ని చోట్ల ఉందో చూడటమే దాన్ని అర్థం చేసుకునే తొలి మెట్టు. నిజమైన మాంద్యం చాలా రాష్ట్రాల్లో, వారాల తరబడి కనిపిస్తుంది. తుపానూ మోసమూ ఒకటి రెండు చోట్ల ఎగసి తగ్గిపోతాయి.

ఇక అసలు లెక్కలోకే రానివారి సంగతి. 1935 చట్టం వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని బయటే ఉంచింది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి శ్రామికుల్లో చాలామంది ఆ పనుల్లోనే ఉన్నారు. ఆ తలుపు కొంతైనా తెరుచుకోవడానికి 1970ల చివరిదాకా పట్టింది. ఇవాళ్టికీ సాధారణ సంవత్సరాల్లో భృతి అందుకునేది నిరుద్యోగుల్లో మూడో వంతుకు మించదు. మూడింట రెండు వంతుల మందిని చూడలేని కొలమానాన్ని నిరుద్యోగానికి అద్దంగా చెలామణీ చేయడం వారికి జరిగే రెండో అన్యాయం.

డాలస్‌లో, న్యూజెర్సీలో, కాలిఫోర్నియా బే ఏరియాలో హెచ్-1బి వీసాపై పనిచేసే తెలుగువారు కూడా ఈ కనిపించని వర్గంలో చేరతారు. భృతి పొందాలంటే వెంటనే పనిలో చేరడానికి చట్టపరంగా సిద్ధంగా ఉండాలన్నది రాష్ట్రాలన్నిటా ఉన్న నియమం. హెచ్-1బి అనుమతి ఒక యజమానికి ముడిపడి ఉంటుంది కనుక, ఉద్యోగం పోగానే ఆ అర్హత కూడా సాధారణంగా పోతుంది. చాలా రాష్ట్రాల్లో ఈ బీమాకు యజమాని మాత్రమే చెల్లిస్తాడు గానీ, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అలాస్కాలలో ఉద్యోగి జీతం నుంచి కూడా కొంత మినహాయిస్తారు. తనకు దక్కే అవకాశం దాదాపు లేని భృతికి న్యూజెర్సీలోని తెలుగు ఇంజనీరు ప్రతి జీతంలోనూ వాటా కడుతున్నాడన్న మాట. 2022 చివర, 2023 ఆరంభంలో పెద్ద టెక్ సంస్థలు వేలకు వేలు తొలగింపులు ప్రకటించినా గురువారం అంకె పెద్దగా చలించకపోవడానికి తొలగింపు పరిహారాలతో పాటు ఇలాంటి అనర్హతలూ కొంత కారణం కావచ్చు.

ఇలాంటి వీసాపై ఉన్న కుటుంబాలకు గురువారం అంకె కంటే అక్కరకొచ్చే సమాచారం మరోచోట ఉంది. 100 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ సామూహిక తొలగింపులకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1988 నాటి సమాఖ్య చట్టం నిర్దేశిస్తుంది. న్యూజెర్సీ 2023 ఏప్రిల్ నుంచి ఆ గడువును 90 రోజులకు పెంచింది. రాష్ట్రాల కార్మిక శాఖలకు చేరే ఆ నోటీసుల జాబితాల్లో సంస్థ పేరు, ఊరు, పోయే ఉద్యోగాల సంఖ్య, తేదీ ఉంటాయి, వీసా ఏదైనా అందరూ ఆ సంఖ్యలో ఉంటారు. కొత్త యజమానిని వెతుక్కోవడానికి వలస శాఖ 2017 నుంచి ఇస్తున్న గరిష్ఠ 60 రోజుల వెసులుబాటు నోటీసు రోజు నుంచి కాక, ఉద్యోగం ముగిసిన రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి, జాబితాలో తమ సంస్థ పేరు ముందుగా చూసుకున్నవారికి ఆ వ్యవధి దాదాపు రెట్టింపు అవుతుంది.