బడి పన్ను ఎత్తేసిన రాష్ట్రంలో

డిసెంబరు మొదట్లో మా ఇంటికి ఒక కవరు వస్తుంది. కాంటన్ టౌన్‌షిప్ ట్రెజరర్ పంపే వింటర్ ట్యాక్స్ బిల్లు. జులైలో సమ్మర్ బిల్లు, డిసెంబరులో వింటర్ బిల్లు. మిషిగన్‌లో ఇంటి పన్ను ఏడాదికి రెండు దఫాలు. 1996లో ఇల్లు కొన్నాక మొదటి బిల్లు చేతికి రాగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

నాన్న తెనాలి మున్సిపాలిటీలో బిల్ కలెక్టర్. అక్కడా ఇంటి పన్ను ఆరు నెలలకోసారే. చంకలో సంచి, అందులో రసీదు పుస్తకం, కార్బన్ కాగితం. మార్చి నెల వచ్చిందంటే మనిషి ఇంట్లో కనిపించేవాడు కాదు. నేను హైస్కూల్లో ఉండగా ఆదివారాలు ఆయన డిమాండు రిజిస్టరులో కూడికలు సరిచూసిపెట్టేవాణ్ని. సాధారణ పన్ను, నీటి పన్ను, దీపాల పన్ను, గ్రంథాలయ సెస్సు అని వేర్వేరు గళ్లు ఉండేవి. "మనం డబ్బు అడుగుతున్నాం కదరా, ఎందుకడుగుతున్నామో కాగితం మీద కనపడాలి" అనేవాడు.

మా కాంటన్ బిల్లులోనూ కనపడుతుంది. బడి భవనాల అప్పు, కమ్యూనిటీ కాలేజీ, పోలీసు, ఫైరు, లైబ్రరీ, మెట్రోపార్కులు. డెట్రాయిట్ జూకి 2008లో, డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్‌కి 2012లో జనం ఓటేసి ఒప్పుకున్న పన్నులకూ అందులో చెరో వరుస ఉంది. ఆ రెండో వరుస పుణ్యాన మా వేన్ కౌంటీ వాళ్లం మ్యూజియంలోకి టికెట్ లేకుండా వెళ్తాం. ఇండియా నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా వాళ్లతో కలిసి డియేగో రివేరా కార్ఖానా చిత్రాల ముందు నిలబడి వస్తుంటాను.

పోయిన వేసవిలో మా వీధి కుర్రాడు ఇంటికొచ్చాడు. హైదరాబాద్ అబ్బాయి, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, చిన్నపాప. చేతిలో సమ్మర్ బిల్లు.

"అంకుల్, ఇంటి పన్ను మొత్తం ఎత్తేయాలని సంతకాలు తీసుకుంటున్నారట కదా. మీరు పెట్టారా?"

"ఇంకా లేదమ్మా. నీకెంత వచ్చిందేంటి?"

ఏడాది మొత్తం కలిపితే వాళ్లకు 8,000 డాలర్ల పైమాటే. మాకు 4,700. రెండూ ఒకే బిల్డరు ఒకే నమూనాలో కట్టిన ఇళ్లు. నా బిల్లు పక్కన పెట్టి చూపిస్తే అతని ముఖం చిన్నబోయింది. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పాలంటే 1993 నుంచి మొదలుపెట్టాలన్నాను. అతను కూర్చున్నాడు.

నేను 1990లో వేన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చాను. 1993 నాటికి ఉద్యోగం, పెళ్లి అయ్యాయి, అద్దె అపార్ట్‌మెంట్‌లో కాపురం. ఆ మార్చిలో టీవీ పెడితే కల్కాస్కా పేరే. ఉత్తర మిషిగన్‌లో చిన్న ఊరు. వేసవి సెలవులకు ఇంకా పది వారాలుండగానే, మార్చి 24న, అక్కడి బడులు మూసేశారు. ఇక్కడ అప్పట్లో బడి నడవాలంటే ఆ బడి పరిధిలోని ఇళ్ల మీద పన్ను వేయాల్సి వచ్చేది. దాన్ని మిల్లుల్లో లెక్కగడతారు. పన్ను వేసే విలువ వెయ్యి డాలర్లకు ఒక డాలరు కడితే ఒక మిల్లు. ఎన్ని మిల్లులో జనమే ఓటేసి తేల్చేవాళ్లు. బడుల కోసమే రాష్ట్రంలో సగటున 34 మిల్లులు పడేవి. కల్కాస్కా జనం ఇక కట్టలేమని పదే పదే ఓటేశారు. బడి దగ్గర డబ్బయిపోయింది, తాళం పడింది. అమెరికాలో డబ్బులేక బడి మూసేయడం చూసి మా అపార్ట్‌మెంట్లలో తెలుగు వాళ్లమంతా నోరెళ్లబెట్టాం.

కట్టేవాళ్ల బాధా అబద్ధం కాదు. ఇంటి పన్ను మన చేతిలోని డబ్బును బట్టి రాదు, గోడల విలువను బట్టి వస్తుంది. ఉద్యోగం పోయినా వస్తుంది, మంచాన పడ్డా వస్తుంది. ముప్పై ఏళ్లు వాయిదాలు కట్టి అప్పు తీర్చుకున్న ముసలమ్మకు, ఊరి ధరలు పెరిగాయని ఆమె ప్రమేయం లేకుండానే బిల్లు పెరిగేది. పెరిగిన విలువ ఆమెకు అన్నం పెట్టదు. ఇల్లు అమ్మితేనే అది డబ్బు అవుతుంది. పైగా ధనికుల ఊళ్లో తక్కువ మిల్లులకే బోలెడు డబ్బు, పేద ఊళ్లో ఎన్ని మిల్లులు పిండినా చాలని డబ్బు. ఒక ఊరి బడిలో పిల్లకు ఏడాదికి 10,000 డాలర్లు ఖర్చుపెడుతుంటే మరో ఊళ్లో 4,000 కూడా దొరికేది కాదు.

ఆ జులైలో రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో ఇంటి పన్ను ఎంత తగ్గించాలనే వాదన నడుస్తోంది. డెబీ స్టాబెనో అనే డెమొక్రాట్ సెనేటర్ లేచి, తగ్గించడమెందుకు, బడుల నిర్వహణకు వేసే ఇంటి పన్ను మొత్తం తీసేద్దాం అని సవరణ పెట్టారు. రిపబ్లికన్ గవర్నర్ జాన్ ఎంగ్లర్ వర్గం సరేనంది. రోజుల వ్యవధిలో ఉభయసభలూ దాటింది, ఆగస్టులో చట్టమైంది. దాదాపు 650 కోట్ల డాలర్ల రాబడి ఒక్క దెబ్బతో పోయింది. దాని బదులు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో ఆ చట్టంలో లేదు. మరుసటి ఏడాది బడులు తెరవాలంటే ఆలోపు దారి వెతకాలి. రాత్రంతా సభ నడిపి, క్రిస్మస్ ముందురోజుకు ఒక దారి తేల్చారు. 1994 మార్చి 15న దాన్ని జనం ముందు పెట్టారు. పేరు ప్రపోజల్ ఎ.

ఆ ఓటులో ఉన్న మెలిక ఇప్పుడు సంతకాలు పెట్టేవాళ్లందరూ తెలుసుకోవాలి. అవునంటే అమ్మకపు పన్ను 4 నుంచి 6 శాతానికి పెరుగుతుంది. కాదంటే ఆదాయపు పన్ను 4.6 నుంచి 6 శాతానికి దానంతటదే పెరుగుతుంది. పాత ఇంటి పన్నుకు వెనక్కి పోయే దారి లేదు. ఏ జేబులోంచి తీయాలన్నదొక్కటే జనం చేతిలో పెట్టారు. 69 శాతం మంది అమ్మకపు పన్నే నయమన్నారు. ఆదాయపు పన్ను 4.4కు కాస్త తగ్గింది. సిగరెట్ పెట్టె మీద 25 సెంట్ల పన్ను 75 అయింది. ఇల్లు అమ్మితే వచ్చిన ధరలో ముప్పాతిక శాతం రాష్ట్రానికి కట్టాలన్నారు. ఇంటి పన్నూ పూర్తిగా పోలేదు. బడుల కోసం ప్రతి ఆస్తి మీదా 6 మిల్లులు రాష్ట్రం పేరున మిగిలాయి. దుకాణాలు, అద్దెకిచ్చిన ఇళ్లు, రెండో ఇళ్ల మీద ఇంకో 18 మిల్లులు.

మే 1 నుంచి కొత్త రేటు అనగానే మా ఆవిడ పట్టుబట్టి ఏప్రిల్ ఆఖరి శనివారం ఫ్రిజ్ కొనిపించింది. 600 డాలర్ల ఫ్రిజ్ మీద 12 డాలర్లు మిగిలాయని ఇంటికొచ్చాక లెక్క చెప్పింది. తర్వాత కొన్న మంచం, కారు, పుట్టబోయే బిడ్డకు ఉయ్యాల, అన్నింటి మీదా ఆరు శాతం కట్టాం. తగ్గిన ఇంటి పన్ను వల్ల మాకేమొచ్చింది? ఏమీ రాలేదు, మాకు ఇల్లే లేదు కదా. అపార్ట్‌మెంట్ల మీద పన్ను కూడా కొంత తగ్గిన మాట నిజం. మా అద్దె మాత్రం ఒక్క డాలరు తగ్గలేదు. పన్ను మార్చడమంటే ఒకరి నెత్తిన ఉన్న బుట్ట ఇంకొకరి నెత్తికి మార్చడమేనని నేను మొదట తెలుసుకున్నది ఆ ఏడాదే. తిండి సరుకుల మీద ఇక్కడ అమ్మకపు పన్ను లేదు కాబట్టి పేదవాళ్లు కొంత బతికిపోయారు. ఆ మినహాయింపు కూడా లేని రాష్ట్రాలున్నాయి.

మంచి కూడా జరిగింది, అది చెప్పకపోతే తప్పు. డబ్బంతా రాష్ట్రం ఒకచోట పోగుచేసి పిల్లల తలల లెక్కన పంచడం మొదలుపెట్టాక, అడుగునున్న పల్లె బడులు లేచి నిలబడ్డాయి. అడుగు బడికీ ప్రామాణిక బడికీ మధ్య తేడాను ఏటేటా పూడ్చుకుంటూ వచ్చి, 2021–22కి తలకు 8,700 డాలర్లు చొప్పున సమం చేశారు. ఇరవై ఏడేళ్లు పట్టింది. అయినా చేశారు. ఆ ఒక్క కారణానికే నేను ప్రపోజల్ ఎ ని చెడ్డదనను.

మా వీధి కుర్రాడి బిల్లు సంగతీ అందులోదే. ఇల్లు ఒకరి చేతిలో ఉన్నంతకాలం దాని పన్ను విలువ ఏడాదికి 5 శాతం, లేదా ధరల పెరుగుదల, రెండింట్లో ఏది తక్కువైతే అంతే పెరగాలని అప్పుడే గీత గీశారు. ఇల్లు అమ్ముడుపోయిందా, గీత చెరిగిపోతుంది. మరుసటి ఏడాది మార్కెట్ ధరలో సగానికి లెక్కగడతారు. నా గీత 1996ది, అతనిది 2021ది. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రపోజిషన్ 13 కింద ఇది ఇంకా తీవ్రం. అక్కడ పన్ను విలువలో ఒక శాతం మించకూడదు, ఆ విలువ ఏడాదికి రెండు శాతం మించి పెరగకూడదు. ఫ్రీమాంట్‌లో కొత్తగా ఇల్లు కొన్న మన పిల్లలు పక్కింటి పాతకాపుకన్నా ఎన్నోరెట్లు కడుతుంటారు. అన్యాయమని ఒకావిడ సుప్రీంకోర్టు దాకా వెళితే 1992లో ఆవిడ ఓడిపోయింది. ముందొచ్చినవాడికి తక్కువ, వెనకొచ్చినవాడికి ఎక్కువ అనే ఈ పద్ధతి వలస వచ్చినవాళ్లకీ పడుచు జంటలకీ ఎదురు తగులుతుంది. నాకు లాభిస్తున్నా సరే, ఇది న్యాయం కాదు.

ప్రపోజల్ ఎ అసలు దెబ్బ తెలిసింది 2009లో. ఆ ఏడాది కార్ల కంపెనీలు క్రైస్లర్, జీఎం దివాలా పిటిషన్లు పెట్టాయి. నేను చేసే విడిభాగాల కంపెనీలో నాతోపాటు అంతస్తు మొత్తం ఖాళీ అయింది. జీతాలు లేని రాష్ట్రంలో ఎవరేం కొంటారు? కార్లు కొనలేదు, సోఫాలు కొనలేదు, అమ్మకపు పన్ను పడిపోయింది. దాని మీద బతికే బడుల నిధీ పడిపోయింది. బడి ఏడాది మొదలైపోయాక పిల్లకు 165 డాలర్ల చొప్పున కోత పెట్టారు. మా అబ్బాయి అప్పుడు మిడిల్ స్కూల్లో. వాడి ఆర్కెస్ట్రా క్లాసుకు టీచరు సగం రోజులే వచ్చేది. ఇళ్ల ధరలూ కూలాయి కదా అంటారేమో, కూలాయి. కానీ ఇంటి పన్ను ఆ పతనాన్ని ఏడాది రెండేళ్లు వెనకబడి, మెల్లగా అందుకుంటుంది. కొనుగోళ్లు ఆ నెలలోనే ఆగిపోతాయి.

బడి మీటింగుకు వెళ్లాం. హాలు నిండిపోయింది. ఒక పెద్దాయన లేచి, మేం ఇంకో మిల్లు కడతాం, పాఠాలు మాత్రం ఆపొద్దు అన్నాడు. బోర్డు మెంబరు మైకు పట్టుకుని, చట్టం ఒప్పుకోదండీ అంది. నిర్వహణ ఖర్చులకు ఊరు సొంతంగా పన్ను పెంచుకునే అధికారం 1994తోనే దాదాపుగా పోయింది. కట్టలేమన్నందుకు కల్కాస్కాలో బడి మూసుకుంది. పదహారేళ్ల తర్వాత, కడతామన్నా తీసుకునే వీలు లేదు. డబ్బు లాన్సింగ్ నుంచి రావాలి, ఎంతన్నది లాన్సింగ్ చెప్పాలి. భవనాలు కట్టుకోవడానికి మాత్రం ఊరు ఇంటి పన్ను మీద అప్పు తేవచ్చు. అందుకే తలకు డబ్బు సమానమైనా, ధనికుల ఊళ్ల బడులకు ఈతకొలనులు, పేద ఊళ్ల బడులకు కారే కప్పులు.

కుర్రాడు అంతా విని ఒక్కటే అడిగాడు. "మరి మొత్తం ఎత్తేస్తే ఏమవుతుంది అంకుల్?"

మొత్తం ఎత్తేసిన రాష్ట్రం ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. నార్త్ డకోటాలో చమురు డబ్బు గుట్టగా పోసిన లెగసీ ఫండ్ ఉంది. అక్కడే 2012లో ఒకసారి, 2024 నవంబరులో ఇంకోసారి ఓటుకు పెడితే రెండుసార్లూ జనం కాదన్నారు. ఆ తర్వాత అక్కడి శాసనసభ ఆ నిధి రాబడిలోంచి, సొంతింట్లో ఉండేవాళ్ల పన్నులో ఏడాదికి 1,600 డాలర్ల దాకా తగ్గించింది. మిషిగన్‌కు చమురు గుట్ట లేదు. ఇంటి పన్ను పోతే ఫైరింజను, లైబ్రరీ, మురుగుకాలువ, అన్నీ లాన్సింగ్ వైపు చెయ్యి చాచాలి, లేదా కొన్నప్పుడల్లా మనం కట్టాలి. కొనడం మానేసిన ఏడాది ఏమవుతుందో నేను చూశాను.

నేను సంతకం పెట్టలేదు. కుర్రాడు పెట్టాడో లేదో అడగలేదు. ముసలివాళ్ల బాధకూ, రాబడి తక్కువవాళ్ల బాధకూ మందు వేరే ఉందని మాత్రం గట్టిగా నమ్ముతాను. ఆదాయాన్ని బట్టి పన్నులో కొంత వెనక్కిచ్చే హోమ్‌స్టెడ్ క్రెడిట్ మిషిగన్‌లో 1973 నుంచీ ఉంది. దాన్ని పెంచమని అడగండి, నేనూ మీ వెంట వస్తాను. ఇప్పుడున్న క్రెడిట్ కోసం ఎంఐ-1040సీఆర్ అనే ఫారం నింపాలి. అద్దెకుండేవాళ్లకు కూడా వర్తిస్తుంది, కట్టిన అద్దెలో 23 శాతాన్ని ఇంటి పన్ను కింద లెక్కిస్తారు. గుడిలో కలిసే మన పెద్దవాళ్లలో ఆ ఫారం పేరు విన్నవాళ్లు పదిమందిలో ఇద్దరు కూడా లేరు. మీ విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మార్చిలో టౌన్‌షిప్ ఆఫీసులో బోర్డ్ ఆఫ్ రివ్యూ కూర్చుంటుంది. ఫిబ్రవరిలో వచ్చే అసెస్‌మెంట్ నోటీసు పారేయకండి, దాన్ని తీసుకుని వెళ్లండి. మీ పక్కింట్లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్లుంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి.