మన ఇళ్ళలో ఒక ఇటలీ గాయకుడు

1998 చలికాలంలో మన సంఘంలోని పెద్దాయన ఒకరు కాలం చేశారు. అందరమూ బాబాయిగారు అని పిలిచే మనిషి. డెట్రాయిట్ శివార్లలోని ఒక ఫ్యూనరల్ హోములో పురోహితుడుగారు మంత్రం ముగించాక, వారి పెద్దబ్బాయి లేచి వెళ్ళి ఒక సి.డి. పెట్టాడు. ఘంటసాలగారి భగవద్గీత వస్తుందనుకున్నాము. మన వైపు అదే కదా ఆనవాయితీ. తీరా వినవచ్చింది ఒక ఇటలీ దేశస్థుడి గొంతు, వెనకాల పెద్ద ఆర్కెస్ట్రా. మాలో కొందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. కొందరికి కోపం కూడా వచ్చింది, దాచడమెందుకు? ఆ అబ్బాయి తరువాత చెప్పాడు: ఆఖరి ఏడాదంతా ఉద్యోగానికి పోతూ వస్తూ నాన్నగారు కారులో ఈ పాటే వినేవారట. ఆ సంగతి పిన్నిగారికే తెలియదు. బయటకు వస్తూ ఆవిడ మా చెయ్యి పట్టుకుని, "ఆ పాటలో అతను ఏమంటున్నాడర్రా?" అని అడిగారు. సి.డి. మీద ఇంగ్లీషు పేరు చూసి, "వీడ్కోలు చెప్పే వేళయింది అంటున్నాడండీ" అన్నాము. ఆ జవాబు తప్పని తెలియడానికి మాకు మూడేళ్ళు పట్టింది.

పాట పాడినవారు ఆంద్రెయా బోచెల్లి, ఇంగ్లండుకు చెందిన శారా బ్రైట్‌మన్. పాట 'టైమ్ టు సే గుడ్ బై'. అది ఉన్న ఆల్బమ్ పేరు 'రొమాంజా', 1997లో వచ్చింది. అప్పటినుంచి మన వాళ్ళ ఇళ్ళలో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, సుబ్బులక్ష్మిగారి సుప్రభాతానికీ 'శంకరాభరణం'కీ పక్కన ఆ ఆల్బమ్ కనబడుతూ వచ్చింది. పాశ్చాత్య సంగీతం అంటే ఆఫీసు లిఫ్టులో వినబడేదనుకునే ఇళ్ళలో కూడా! ప్రపంచం మొత్తం మీద సుమారు రెండు కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయని చెబుతారు. మన వాళ్ళ వాటా అందులో ఆవగింజంత. అయినా ఎందుకు కొన్నాము, ఎందుకు విన్నాము అన్నది ఒకసారి కూర్చుని ఆలోచించదగిన విషయమే అనిపించి ఈ నాలుగు పేజీలు.

ముందు ఆ మనిషి సంగతి. బోచెల్లి 1958లో ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, లాయాతికో అనే పల్లెటూళ్ళో పుట్టాడు. పుట్టుకతోనే కళ్ళకు గ్లాకోమా. పన్నెండేళ్ళ వయసులో ఫుట్‌బాల్ ఆడుతూ దెబ్బ తగిలి ఉన్న కాస్త చూపూ పోయింది. పీసా విశ్వవిద్యాలయంలో లా చదివి, ఏడాదిపాటు కోర్టులో వకీలుగా పనిచేశాడు. సాయంత్రాలు బార్లలో పియానో వాయిస్తూ పాడేవాడు. (తల్లిదండ్రుల కోసం ఒక డిగ్రీ, తన కోసం ఒక పాట. ఈ కథ మన ఇళ్ళలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.) 1992లో జుక్కెరో అనే రాక్ గాయకుడు, మహా టెనర్ పావరొట్టికి పంపడానికి 'మిసెరేరె' అనే తన పాటను నమూనాగా పాడించాలని ఒక టెనర్ కోసం వెతికితే బోచెల్లి దొరికాడు. ఆ టేపు విని, ఈ పాడినవాడెవరని పావరొట్టి మెచ్చుకున్నాడని ప్రసిద్ధి. 1994లో సాన్ రెమో పాటల పోటీలో కొత్తవారి విభాగంలో గెలిచాడు. మరుసటి ఏడు అక్కడే 'కోన్ తే పార్తిరో' అనే పాట పాడితే నాలుగో స్థానం వచ్చింది. సంగీతం సార్తోరిది, సాహిత్యం క్వారంతొత్తోది. ఇటలీలో నాలుగోదిగా నిలిచిన ఆ పాటే దేశం దాటి, బెల్జియం, ఫ్రాన్సుల్లో విపరీతంగా ఆడింది. ఇంటగెలవక రచ్చ గెలిచిందన్నమాట.

ఇక అసలు మలుపు 1996లో. హెన్రీ మాస్కె అనే జర్మన్ బాక్సర్ ఆఖరి పోటీకి దిగుతున్నాడు. వీడ్కోలు సభకు తగిన పాట కావాలి. అదివరకే ఈ పాట విని ముచ్చటపడిన శారా బ్రైట్‌మన్, బోచెల్లితో కలిసి యుగళంగా పాడింది. సందర్భానికి తగ్గట్టు పల్లవిలోని మొదటి మాటలు మాత్రం ఇంగ్లీషులోకి మార్చారు, తక్కినదంతా ఇటాలియనే. పాపం, మాస్కె ఆ పోటీలో ఓడిపోయాడు, పాట గెలిచింది. జర్మనీలో వారాల తరబడి మొదటి స్థానంలో నిలిచింది. (2007లో మాస్కె మళ్ళీ రింగులోకి దిగి, అదే ప్రత్యర్థిని ఓడించాడు. వీడ్కోలు చెప్పి తిరిగి రావడం మన రాజకీయ నాయకులకే చెల్లదని తేలింది.)

'రొమాంజా' అంతకుముందు ఇటలీలో వచ్చిన ఆల్బముల్లోని పాటలు ఏరి కూర్చినది. నిజం చెప్పాలంటే అన్నీ ఒక్క స్థాయివి కావు. కొన్నిటిలో డ్రమ్ముల మోత ఆనాటి ఫ్యాషన్‌ను బట్టి వచ్చింది, ఇప్పుడు వింటే అరిగిపోయినట్టుంటుంది. మొత్తం ఒక్క బిగిని వింటే విస్తరి నిండా పరమాన్నమే వడ్డించినట్టు. కాని 'కరూసో' విన్నవారు దాన్ని మరిచిపోరు. లూచియో దాల్లా 1986లో కట్టిన పాట అది. 1921లో చనిపోయిన మహాగాయకుడు ఎన్రికో కరూసో చివరి రోజులను తలుచుకుని రాసినది. ఇంకొకటి 'వీవో పెర్ లేయి', అంటే 'ఆమె కోసం జీవిస్తున్నాను' అని. ప్రేమపాట అనుకుని మనవాళ్ళు ఒకరిద్దరు పెళ్ళిరోజు పార్టీలో వేశారు. ఆ 'ఆమె' సంగీతం! ఇటలీలో జార్జియాతో, ఫ్రెంచిలో ఎలెన్ సెగారాతో, స్పానిష్‌లో మార్తా సాంచెజ్‌తో, జర్మన్‌లో జూడీ వైస్‌తో, ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క గాయనితో ఆ పాటను పాడాడు. డబ్బింగు సినిమాలు చూసి పెరిగిన మనకు ఈ వ్యాపారసూత్రం కొత్తేమీ కాదు.

ఇలాంటి పాటకు పండితులు పెట్టే వంక ఒకటుంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఒపేరా గాయకుడు మైకు లేకుండా పాడాలి. అరవై, డెబ్భై వాద్యాల మీదుగా చివరి వరుసలోని శ్రోతదాకా అతని గొంతు చేరాలి. ఎలా చేరుతుంది? మన ఇంజనీర్లకు నచ్చే సంగతి ఇది: ఆర్కెస్ట్రా శబ్దంలోని బలం ఎక్కువగా 500 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, పైకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. శిక్షణ పొందిన గాయకుడు గొంతును ఒక పద్ధతిలో అమర్చుకుని, 3000 హెర్ట్జ్ దగ్గర తన బలాన్ని గుమికూరుస్తాడు. మన చెవి బాగా చురుగ్గా ఉండే చోటు కూడా అదే. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ దీనిని కొలిచి చూపించాడు. అంటే గాయకుడు ఆర్కెస్ట్రాతో పోటీపడి అరవడు, అది ఖాళీగా వదిలిన దారిలోంచి వస్తాడు. దీనికి ఏళ్ళ తరబడి సాధన కావాలి.

మైకు వచ్చాక ఆ అవసరం పోయింది. అందుకు బదులుగా ఒపేరా గాయకుడికి సాధ్యంకాని పని ఒకటి సాధ్యమైంది, చెవి దగ్గర గుసగుసగా పాడడం. 'కోన్ తే పార్తిరో' మొదలు చూడండి. మంద్రంలో, ఎవరితోనో ఒక్కరితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. తరువాత పల్లవిలో గొంతు తెరుచుకుంటుంది. చివర శ్రుతి మొత్తం ఒక మెట్టు పైకి జరుగుతుంది. మన కచేరీలో పాట మధ్య శ్రుతి మారిస్తే మృదంగం ఆయన లేచి వెళ్ళిపోతాడు. కాని ఆ మెట్టు ఎక్కేటప్పుడు ఒళ్ళు జలదరించిందంటే మనం సిగ్గుపడనక్కరలేదు. అలా జలదరించేటట్టే కట్టారు.

1999లో బోచెల్లి మన డెట్రాయిట్ ఒపేరా హౌసులోనే మస్నే రాసిన 'వెర్తెర్' అనే ఒపేరాలో మైకు లేకుండా పాడాడు. మాలో ముగ్గురం వెళ్ళాము. సుమారు 2,700 కుర్చీల హాలు అది. వెనక వరుసల్లోకి గొంతు సన్నగా వచ్చింది, పత్రికల్లో విమర్శకులు కూడా అదే రాశారు. సి.డి.లో విన్న ఆ నిండుగొంతు ఎక్కడికి పోయిందా అని వెతుక్కున్నాము. ఇంటికి వస్తూ కారులో మళ్ళీ సి.డి. పెట్టుకున్నాము.

ఈ కథకు రెండో భాగం 2001 ఉగాదిది. మన సంఘంలోనే పుట్టి పెరిగిన పదిహేనేళ్ళ అమ్మాయి ఒకతె, ఏడేళ్ళుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నది, ఉగాది సభలో ఒక కృతి పాడి, ఆ తరువాత 'కోన్ తే పార్తిరో' పాడతానంది. కార్యవర్గం రెండుగా చీలింది. ఉగాది వేదిక మీద ఇటాలియన్ ఏమిటని ఒక పక్షం. మన సంగీతం టీచరుగారు అందరికంటే గట్టిగా అడ్డుపడ్డారు: "వాడు మైకు తీసేస్తే మూడో వరుస దాటడు. అది లలితం కాదు, శాస్త్రీయం కాదు. అలాంటిది నా శిష్యురాలు పాడడానికి వీల్లేదు."

ఇంకో పక్షం 'శంకరాభరణం' ఎత్తింది. 1980లో ఆ సినిమా వచ్చినప్పుడు రాగం పేరు తెలియనివాళ్ళు కూడా ఎగబడి చూడలేదా? పాడిన బాలసుబ్రహ్మణ్యంగారు శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నవారు కారు. ఇంజనీరింగు కాలేజీలో చేరిన మనిషి. ఆ పాటలకే ఆయనకూ, మహదేవన్‌గారికీ, వాణీ జయరాంగారికీ జాతీయ బహుమతులు వచ్చాయి. దానికి టీచరుగారు, "అందులో భాష మనది, అర్థం తెలిసి విన్నారు" అన్నారు.

అప్పుడా అమ్మాయి నెమ్మదిగా, ఇంగ్లీషులో, అన్నమాట ఇది: "టీచర్, నాకు త్యాగరాజ కృతికి అర్థం తెలియదు. ఈ పాటకీ తెలియదు. రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునే నేర్చుకున్నాను."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తప్పు ఆ పిల్లది కాదని అందరికీ తెలుసు. తిరువయ్యారులో ఉండి త్యాగయ్య తెలుగులో రాస్తే, ఆ భాష రాని తమిళ విద్వాంసులు తరతరాలుగా అద్భుతంగా పాడుతున్నారు. మాట తెలియకుండా పాడడం మన సంగీతంలోనే ఎప్పటినుంచో ఉన్నది. తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అని పొగిడితే మనం పొంగిపోతాము. ఆ పోలికలో ఒక నిజం లేకపోలేదు. రెండూ చాలావరకు అచ్చుతో మాట ముగించే భాషలు. అచ్చు మీద గొంతు నిలుస్తుంది. 'పార్తిరో'లో చివరి 'రో'ని ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు. 'టైమ్' అనగానే పెదవులు మూతపడతాయి. ఆ పిల్లకు రెండు పాటలూ ఒకే రకంగా నోటికి వచ్చాయంటే ఆశ్చర్యం లేదు. మనం బోచెల్లిని వింటున్నట్టే మన పిల్లలు త్యాగయ్యను వింటున్నారన్నదే మాకు గుచ్చుకున్న విషయం. వాళ్ళకు అందుతున్నది గొంతు, నాదం, ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని వింటున్న దృశ్యం. అది తక్కువ అనలేము. చాలు అని కూడా అనలేము.

అమ్మాయి పాడింది. టీచరుగారు ముందు వరుసలో కూర్చుని విన్నారు, చప్పట్లు కొట్టలేదు. కాని ఆ తరువాత ఆవిడ క్లాసులో పద్ధతి మారింది. ఏ కృతి అయినా మాటమాటకూ అర్థం చెప్పి, పిల్లల చేత తెలుగు అక్షరాల్లో రాయించి, అప్పుడే పాట మొదలుపెడుతున్నారు. నెలకు ఒక పాట వచ్చేచోట రెండు నెలలకు ఒకటి వస్తున్నది. ఇద్దరు పిల్లలు మానేశారు. మా ఇంటి అబ్బాయి వాళ్ళలో ఒకడు.

అమ్మాయి కూడా ఊరుకోలేదు. వాళ్ళ స్కూల్లో ఇటాలియన్ తెలిసిన టీచరును పట్టుకుని పాటకంతటికీ అర్థం రాయించుకున్నది. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, "ఆంటీ, ఇది వీడ్కోలు పాట కాదు, తెలుసా?" అంది. 'కోన్ తే పార్తిరో' అంటే 'నీతో కలిసి బయలుదేరతాను' అని. ఎన్నడూ చూడని చోట్లకు, సముద్రాల మీదుగా, ఇద్దరమూ కలిసి పోదామన్న పాట. బాక్సర్ కోసం పేరు మార్చేసరికి మాకందరికీ అర్థం తలకిందులైంది.

పిన్నిగారికి చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు తటపటాయించి, చివరకు వెళ్ళి చెప్పాము. ఆవిడ బియ్యం ఏరుతున్నారు. (ఇక్కడి బియ్యంలో రాళ్ళు ఉండవని ఎవరు చెప్పినా ఆవిడ వినరు.) చెయ్యి ఆపి, "నీతో వస్తానంటున్నాడా?" అని రెండుసార్లు అడిగారు. 1968లో బాబాయిగారు ఎనిమిది డాలర్లతో ఒక్కరే ఈ దేశం వచ్చారు. పిన్నిగారు, చంటిపిల్లాడు గుడివాడలో ఉండిపోయారు. రెండేళ్ళకు గాని వాళ్ళను పిలిపించుకోలేకపోయారు. "అప్పుడూ ఒక్కరే వచ్చారు, ఇప్పుడూ ఒక్కరే వెళ్ళారు. వినడం మాత్రం ఈ పాట విన్నారు" అని ఆవిడ మళ్ళీ చేట అందుకున్నారు. కాసేపటికి, ఆ పాట ఉన్న సి.డి. ఒకసారి కావాలన్నారు.

'రొమాంజా' వినదలచినవారికి మన సంఘం లైబ్రరీలో రెండు ప్రతులు ఉన్నట్టు రిజిస్టరులో ఉంది. ముందు 'కరూసో' వినండి, తరువాత బోచెల్లి ఒక్కడే పాడిన 'కోన్ తే పార్తిరో', ఆ తరువాతే యుగళం. రెండు వారాల్లో తిరిగి ఇవ్వండి, డబ్బా పగలగొట్టకండి. రెండో ప్రతి 2001 మే నెల నుంచి పిన్నిగారి దగ్గర ఉంది. దానిని ఎవరూ అడగవద్దని మనవి.