నోయిడా చలికాలపు పెళ్లి ఫొటోలు ఎందుకు వెలిసిపోతాయి?

ఉత్తరాదిలో కార్తిక శుక్ల ఏకాదశి తర్వాత పెళ్లిళ్ల కాలం మొదలవుతుంది. నోయిడాను పొగమంచు, కాలుష్యం కమ్ముకునే కాలమూ దాదాపు ఇదే. అందుకే ఎంత మంచి కెమెరాతో తీసినా ఆరుబయటి ఫొటోలు కొన్ని వెలిసిపోయినట్లు వస్తాయి. ముహూర్తం దాటాక ఆ ఫొటోను మళ్లీ తీయలేం.

నేల దగ్గర చిక్కుకున్న గాలి

చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లగానూ, పైగాలి వెచ్చగానూ ఉంటుంది. దీన్ని ఉష్ణోగ్రత విలోమం అంటారు. ఈ స్థితిలో కింది గాలి పైకి లేవదు. పొగ, ధూళి, తేమ నేల దగ్గరే ఉండిపోతాయి. ఈ పొగమంచును అర్థం చేసుకునేందుకే 2015 చలికాలంలో ఢిల్లీ విమానాశ్రయంలో 'వైఫెక్స్' పరిశోధన మొదలైంది.

రంగులు ఎక్కడికి పోతాయి?

గాలి అణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. ఆకాశం నీలంగా కనిపించేది అందువల్లే. పొగమంచు బిందువులు కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చాలా పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. ఆ తెల్లని వెలుగు కెమెరాకూ వధూవరులకూ మధ్య తెరలా నిలుస్తుంది. దాంతో నలుపు బూడిదరంగుకు మారుతుంది, ఎర్రచీర పాలిపోతుంది.

దూరం పెరిగేకొద్దీ ఈ తెర చిక్కబడుతుంది. 200 మీటర్లకు మించి చూపు ఆనని పొగమంచులో, 100 మీటర్ల దూరాన ఉన్న దృశ్యంలో వెలుగునీడల తేడా సుమారు 14 శాతమే మిగులుతుంది. 10 మీటర్ల దూరంలో అయితే 80 శాతానికి పైగా నిలుస్తుంది. జూమ్ చేసినా ఈ తేడా తిరిగి రాదు. దగ్గరకు వెళ్లి తీయడమే మార్గం.

కెమెరా మీది ఫ్లాష్ కూడా ఇక్కడ పనికిరాదు. మంచులో కారు హైబీమ్ వేసినట్లే, వెలుగు బిందువులపై పడి వెనక్కి వస్తుంది. లైటును పక్కకు జరిపి పెడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

ఏ వేళ మంచిది?

ఫొటోలకు సాయంసంధ్య వెలుగే మేలని సాధారణంగా చెబుతారు. కానీ వాలిన సూర్యుడి కాంతి మురికిగాలిలో ఎక్కువ దూరం ప్రయాణించాలి. అందువల్ల ఆ వెలుగు అస్తమయానికి ముందే మసకబారవచ్చు. పైగా డిసెంబరు చివర నోయిడాలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 38 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అదే హైదరాబాదులో అయితే 49 డిగ్రీలు. అందుకే మధ్యాహ్నపు ఎండ కూడా ఏటవాలుగానే పడుతుంది. మంచు విడిచాక, మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య తీసుకోవడం మేలు.

పలుచని మంచు ఉంటే మాత్రం అది ఫొటోకు వరమే. ఎండను నలువైపులా పరచి, ముఖంపై గాఢమైన నీడలు పడకుండా చేస్తుంది.