పైరుకాపు తుపాకి : లైసెన్సు గలదియు, లేనిదియు

మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ ప్రాంతములందు పైరును అడవిపందుల బారినుండి కాపాడుకొనుటకు తుపాకి నుంచుకొనగోరు రైతులు కలరు. తుపాకి నాగలివలె ఇరుగుపొరుగు వారికి ఎరువిచ్చు పనిముట్టు కాదు. అది చేయు ప్రతి పనికిని లైసెన్సులో పేరున్నవాడే ఉత్తరవాది.

చట్టము. 1878 నాటి ఆయుధముల చట్టము స్థానమున 1959 నాటి చట్టము వచ్చినది. దాని ప్రకారము లైసెన్సు లేక తుపాకి నుంచుకొనరాదు. నిజముగా పైరుకాపు కొరకే యగుచో, గొట్టము నోటినుండి మందు కూరెడు తుపాకికి లైసెన్సు నిచ్చుటను ఈ చట్టము ప్రత్యేకముగా పేర్కొనినది. దరఖాస్తుపై పోలీసు విచారణ జరిగిన పిమ్మట లైసెన్సు ఇయ్యబడును. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు 5 సంవత్సరములు. ఒకరికి రెండు తుపాకులకు మించి కూడదు. గడువు తీరకమునుపే పునరుద్ధరణ కోరవలెను.

లైసెన్సు లేనిచో. నాటు తుపాకి గొట్టమునకు మందు బలమును ఓర్చునను పరీక్ష లేదు. పట్టరాని మందు పడినచో అది పగిలి, పేల్చినవాని చేతులను, కన్నులను హరించును. శిక్షయు స్వల్పము కాదు: 2 సంవత్సరములకు తగ్గక, 5 సంవత్సరముల వరకు ఖైదు, జరిమానాయు కలవు. పంట నష్టము ఒక యేటిది. ఈ నష్టము కుటుంబమునంతను కుంగదీయును.

తాతల నాటి తుపాకి. లైసెన్సుదారుడు మరణించినంతట ఆ లైసెన్సు వారసులకు దానంతట సంక్రమింపదు. వారు తుపాకిని అటుకపై దాచక, ఆలస్యము లేకుండ సమీపపు పోలీసు ఠాణాలోనో, లైసెన్సుగల వర్తకుని యొద్దనో అప్పగించి రసీదు పొందవలెను. తమ పేర లైసెన్సునకు పిదప దరఖాస్తు చేసికొనవచ్చును. లైసెన్సు గడువు తీరిన తుపాకికిని ఇదియే పద్ధతి.

లైసెన్సుదారుని బాధ్యతలు. లైసెన్సులో పేరులేని పాలేరునకు తుపాకినిచ్చి రాత్రి కావలికి పంపరాదు. తుపాకిని, మందుగుండును వేర్వేరుగ తాళమువేసి పిల్లలకు అందకుండ ఉంచవలెను. సముద్రపుగాలి ఇనుమును త్వరగ తుప్పు పట్టించును. కావున గొట్టమును తరచుగ తుడిచి నూనె పూయవలెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఎరిగిన సీమలో, తుపాను హెచ్చరికపై ఇల్లు విడుచునపుడు తుపాకి గతియేమో ముందే యోచింపవలెను. అది పోయినచో వెంటనే ఠాణాకు తెలుపవలెను. పెండ్లి, జాతరలలో ఉత్సాహముకొరకు నిర్లక్ష్యముగ పేల్చుట నేరము. 2 సంవత్సరముల ఖైదో, లక్ష రూపాయల వరకు జరిమానాయో, రెండునో కలుగవచ్చును.

అభయారణ్యపు చేరువ. దివిసీమ తీరపు మడ అడవులలో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యము కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యమునకు 10 కిలోమీటర్లలోపల నివసించు ఆయుధ లైసెన్సుదారులు అటవీశాఖ ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి యొద్ద తమ పేర్లు నమోదు చేయించుకొనవలెను. ఆ దూరములో క్రొత్త లైసెన్సునకు ఆ యధికారి ముందస్తు సమ్మతి కావలెను. ఆయుధముతో అభయారణ్యములో ప్రవేశించుటకు వ్రాతపూర్వకమైన అనుమతి వేరుగ అవసరము. గుడివాడకు ఈశాన్యమున కొల్లేరు అభయారణ్యము కలదు గావున, ఆ చేరువ గ్రామములవారును దీనిని గమనింపవలెను.

లైసెన్సు తుపాకి నుంచుకొనుటకే గాని మృగమును చంపుటకు అనుమతి కాదు. పందులు పైరు పాడుచేయుచున్నచో మొదట అటవీశాఖకు తెలుపవలెను. చప్పుడు చేయుట, దీపములు, కంచె మున్నగు ఉపాయములు ముందు చూడదగినవి. కంచెకు విద్యుత్తును నేరుగ తగిలించుట మాత్రము మనుష్యులకే ప్రాణాపాయము.

కావున ఇంట తుపాకి యున్న ప్రతి రైతును లైసెన్సు గడువును, తుపాకిపై సంఖ్యను నేడే సరిచూచుకొనుట మేలు.