నెమలి బొమ్మ అట్ట

పుస్తకానికి అట్ట వేయించవలసిన బాధ్యత కొన్నవానిదే అన్నది ఒకప్పుడు ఇంగ్లండులో ఆచారం. 1813లో జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మూడు సంపుటాలుగా 18 షిల్లింగుల వెలకు, వట్టి కాగితపు అట్టలతో వెలువడినది. స్తోమతు గలవారు వాటిని బైండరు వద్దకు పంపి, తమ బీరువాలోని తక్కిన గ్రంథాలకు జతపడేటట్లు తోలుబైండు చేయించుకొనేవారు. అట్ట మీద బొమ్మ మాట అటుంచి, లోపల రచయిత్రి పేరైనా లేదు.

ఆమె 1817లో మరణించినది. 1833లో రిచర్డ్ బెంట్లీ అనే ప్రచురణకర్త ఆమె ఆరు నవలలనూ ఐదు సంపుటాలలో ఇమిడ్చి, ఒక్కొక్క దానిని ఆరు షిల్లింగులకే అందించాడు. ప్రతి సంపుటానికీ ఉక్కురేకు మీద చెక్కిన బొమ్మలు రెండేసి ఉన్నవి. ఇంగ్లండులో ఆస్టెన్ నవలలకు అవే తొలి చిత్రాలు. అయితే చిత్రకారుడు ఫెర్డినాండ్ పికరింగ్ తన కాలపు స్త్రీల ఉబ్బు చేతుల గౌనులనే కథానాయికలకు తొడిగినాడు. నవల నాటి వేషం అది కాదు. మన క్యాలెండరు బొమ్మలలో శకుంతల రవికె తొడుక్కొని ముని ఆశ్రమంలో తిరిగినట్లున్నది ఈ వ్యవహారం!

అట్టకు అసలైన వైభవం తెచ్చినవాడు హ్యూ థామ్సన్. ఐర్లండు ఉత్తర భాగాన కోల్‌రెయిన్‌లో 1860లో పుట్టిన ఇతడు చిన్నతనంలో నారబట్టల వర్తకుల వద్ద గుమాస్తా. 1877లో బెల్‌ఫాస్టులో శుభాకాంక్షల కార్డులు అచ్చువేసే సంస్థలో చేరి చేయి తిప్పుకొని, 1883లో లండను చేరుకున్నాడు. 1890లో గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’కు బొమ్మలు వేశాడు. ఈ నవల మనకు పరాయిది కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’కు ప్రేరణ అదే గదా, పంతులుగారి నవల ఆంగ్లానువాదం కూడా 1887లో లండనులోనే వెలువడినది.

1891లో థామ్సన్ చిత్రాలతో మాక్మిలన్ కంపెనీవారు ఎలిజబెత్ గాస్కెల్ ‘క్రాన్‌ఫర్డు’ను ముదురాకుపచ్చ గుడ్డబైండు మీద బంగారు నగిషీతో, గిల్టు అంచులతో విడుదల చేశారు. అది ఎంతగా ఆదరణ పొందినదంటే, ఆ కంపెనీవారు అదే వేషంలో మరెన్నో పుస్తకాలు తెచ్చారు. ఆ వరుసకు ‘క్రాన్‌ఫర్డు’ పేరే నిలిచినది. క్రిస్మస్ కానుకగా ఇచ్చుటకు అవి అనువైనవి. ఒకటి కొన్నవానికి పక్కన రెండవది లేకపోతే బీరువా వెలితిగా తోచేది. వ్యాపారి కోరేదీ అదే.

1894లో జార్జి అలెన్ ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’కు థామ్సన్ లోపల వేసినవి 160 చిత్రాలు. అట్ట మీద మాత్రం ఒక్క నెమలి. దాని పింఛం అట్ట నిండా పరచుకొని ఉంటుంది. ఈ పనిలో చిత్రకారునికి స్వేచ్ఛ తక్కువ. బొమ్మను ఇత్తడి దిమ్మ మీద చెక్కాలి. గుడ్డ మీద బంగారురేకు పరచి, వేడెక్కించిన దిమ్మతో నొక్కాలి. బంగారం, పచ్చగుడ్డ, ఈ రెండే రంగులు. వెలుగునీడల మెలకువలకు తావులేదు. గీతలు మరీ దగ్గరైతే ఒకదానికొకటి అతుకుకొని పోతవి. నెమలి పింఛం ఈ నియమాలన్నిటికీ తలయొగ్గినది. ఒకే కన్ను మళ్ళీ మళ్ళీ వేసినా విసుగు పుట్టించదు.

పాశ్చాత్యులకు నెమలి అంటే గర్వం. కుమారస్వామి వాహనంగా, మేఘాన్ని చూచి పురివిప్పే పక్షిగా దానిని ఎరిగిన మన విద్యార్థికి ఈ సంకేతం వెంటనే స్ఫురించదు, చెప్పవలసి ఉంటుంది. చెప్పిన తరువాతనైనా ఒక ప్రశ్న మిగులుతుంది. గర్వం డార్సీది మాత్రమేనా? ఎలిజబెత్‌కు తన తెలివిపై ఉన్న నమ్మకం మాటేమిటి? పైగా నవల పేరులో రెండవ సగమైన దురభిప్రాయానికి అట్ట మీద చోటే లేదు. కంటికి ఇంత ఇంపైన అట్ట నవలలోని పదునును కొంత కప్పివేసినదనే చెప్పాలి. లోపలి చిత్రాలలోనూ అంతే. హాస్యం ఉన్నది, సౌకుమార్యం ఉన్నది. పెండ్లి కాకపోతే ఆ ఆడపిల్లలకు నిలువ నీడ ఉండదన్న భయం మాత్రం అంతగా కనబడదు.

మాక్మిలన్‌వారు తమ వరుసలో ఈ నవలకు 1895లో చార్లెస్ బ్రాక్ చేత బొమ్మలు వేయించారు. మిగిలిన ఆస్టెన్ నవలలకు థామ్సనే 1896, 1897లలో వేశాడు. అందుచేత ఒకే రచయిత్రి నవలల నడుమ రెండు చేతులు కనబడతవి.

మొదటి ప్రపంచయుద్ధంతో కానుక పుస్తకాల గిరాకీ పడిపోయినది. ఇన్ని ఇండ్లకు బంగారు అట్టలు అందించిన థామ్సన్‌కు 1918లో ప్రభుత్వం స్వల్పమైన పింఛను మంజూరు చేసినది. 1920లో అతడు కన్నుమూశాడు. నెమలి అట్ట తొలి ప్రతికి ఇప్పుడు వేల పౌండ్లు పలుకుతున్నవి.

2008లో పెంగ్విన్ సంస్థకు కోరలీ బిక్‌ఫర్డ్‌-స్మిత్ అనే చిత్రకారిణి మళ్ళీ గుడ్డబైండు మీదనే నవలల వరుసను రూపొందించినది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అందులోనూ ఉన్నది. ప్రతి నవలకూ ఒక గుర్తును ఎన్నుకొని, చీర మీది బుటాల వలె అట్ట నిండా అద్దినది. పాత్రల ముఖాలు అట్ట మీద కనబడవు. ఎలిజబెత్ ఎట్లా ఉంటుందో చదివేవారే ఊహించుకోవాలి.