చిల్లిగవ్వ విలువ: లంబాడీ ఆభరణాల్లో ద్రవ్య పునర్వినియోగం

వ్యాససంగ్రహం: తెలుగు రాష్ట్రాల తండాల్లో లంబాడీ స్త్రీలు ధరించే సంప్రదాయ ఆభరణాల్లో గవ్వలు, పాత నాణేలు ముఖ్యమైన సామగ్రి. ఒకప్పుడు ఈ రెండూ ద్రవ్యమే. ద్రవ్యాన్ని ఆభరణంగా మార్చే పనితనపు ఆనవాళ్లను నమోదు చేయనిదే ఈ నగల చరిత్రను సరిగా నిర్ణయించలేమని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: లంబాడీ, ఆభరణం, గవ్వ, నాణెం, పునర్వినియోగం, కాలనిర్ణయం.

1. ఉపోద్ఘాతం

ఎద్దుల మందలపై ధాన్యం, ఉప్పు మోసి దక్కను అంతటా వర్తకం సాగించిన సంచారజాతి లంబాడీలు. స్థిరనివాసం లేని జీవనంలో సంపద ఒంటిమీదనే ఉండేది. అందువల్ల వారి నగను అలంకారంగా మాత్రమే కాక, ఆస్తిగానూ పరిశీలించవలసి ఉంటుంది.

2. గవ్వ

మాల్దీవుల గవ్వలు బాలాసోర్ వంటి రేవుల ద్వారా వంగ, ఒడిశా ప్రాంతాలకు చేరి చిల్లర ద్రవ్యంగా చెలామణి అయ్యాయి. ఒడిశాలో అధికారిక లెక్క ప్రకారం రూపాయికి 5,120 గవ్వలు. 1803లో ఆ ప్రాంతాన్ని ఆక్రమించిన ఈస్టిండియా కంపెనీ శిస్తును వెండి నాణేల్లో కోరడంతో గవ్వ విలువ పడిపోయింది. 1817 నాటి పాయికుల తిరుగుబాటు కారణాల్లో ఇదీ ఒకటి.

తెలుగులో ‘చిల్లిగవ్వ’ అంటే ఏ మాత్రమూ విలువ లేనిది. గవ్వను బట్టపై కుట్టాలంటే మాత్రం దాని ఉబ్బెత్తు వీపును పగలగొట్టి, చదునుచేసి, దారం పోయే దారి ఏర్పరచాలి. లెక్కలో విలువ పోగొట్టే చిల్లే కుట్టుపనిలో విలువ కలిగిస్తుంది.

3. నాణెం

1835 చట్టం ప్రకారం రూపాయి బరువు 11.66 గ్రాములు; అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. 1940లో వెండి సగానికి తగ్గింది. 1947లో నికెల్ రూపాయి వచ్చింది. పాత రూపాయలు ఇరవై గుచ్చిన హారంలో సుమారు 214 గ్రాముల వెండి ఉంటుంది. 1940 తరవాతి వెండి రూపాయలైతే సుమారు 117 గ్రాములే. చూపుకు రెండు హారాలూ ఒకటే.

నాణేన్ని నగగా మార్చడానికి రెండు పద్ధతులున్నాయి: రంధ్రం చేయడం, టంకంతో వలయం అతికించడం. మొదటిదానిలో కొంత లోహం పోతుంది. రెండవదానిలో నాణెపు లోహమంతా నిలుస్తుంది. వలయాన్ని విడదీసే వీలూ ఉంటుంది. కనుక నగ తయారీ పద్ధతి యజమానురాలి ఆర్థిక ఆలోచనకు కూడా సాక్ష్యం కావచ్చు.

4. కాలనిర్ణయంలో జాగ్రత్తలు

హారంలోని అన్నిటికన్నా కొత్త నాణెం, ఆ హారం ప్రస్తుత రూపం పొందిన కాలానికి పూర్వావధిని మాత్రమే తెలుపుతుంది. పాత నాణెం తేదీని నగ తేదీగా గ్రహించడం పొరపాటు. పైగా 1835, 1840, 1862 తేదీలున్న కంపెనీ, విక్టోరియా రూపాయలను తరవాతి సంవత్సరాల్లోనూ అదే తేదీతో ముద్రించారు. చార్మినార్ బొమ్మగల నిజాం సిక్కాలపై హిజ్రీ సంవత్సరం ఉంటుంది. దాన్ని క్రీస్తుశకంలోకి మార్చుకోవాలి. దారం తరచూ మారుతుంది కనుక దాని వయసును విడిగా పరిశీలించాలి.

సామగ్రి మార్పు కూడా చరిత్రే. దంతం, ఎముకలతో చేసిన ‘బలియా’ గాజుల స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది. దీన్ని సంప్రదాయ పతనంగా భావించడం తొందరపాటు. దొరికిన వస్తువును తనదిగా చేసుకోవడమే ఈ సంప్రదాయపు మూలసూత్రం. 25 పైసలు, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటు కోల్పోయాయి. అటువంటి నాణేనికీ దారంపై చోటు ఉంటుంది.

5. ముగింపు

పాత నగను కరిగిస్తే వెండి మిగులుతుంది. తేదీలు, రంధ్రాలు, టంకపు గుర్తులు, గుచ్చిన వరుస నశిస్తాయి. కరిగించుకునే హక్కు యజమానురాలిదే. ఆ లోగా ప్రతి నాణెం ముద్ర, బరువు, అతుకు పద్ధతి, వరుసక్రమం, ఆ నగ ఎవరి నుంచి ఎవరికి సంక్రమించిందో ఆమె మాటల్లోనే నమోదు చేయడం క్షేత్రపరిశోధకుల బాధ్యత. ‘గిరిజన హారం, వెండి’ అన్న ఒక్క పంక్తి వివరణ ఈ సాక్ష్యాన్నంతటినీ చిల్లిగవ్వగా మారుస్తుంది.