రెండు రూపాయల సినిమా

తెల్లవారుజామున 4 గంటలకు కోడి కూస్తుంది. కోడలు లేస్తుంది. ముందు గేదె దగ్గరికి వెళ్తుంది. పేడ తీస్తుంది. పాక ఊడుస్తుంది. కుడితిలో తౌడు కలుపుతుంది. దూడను విప్పుతుంది. దూడ నాలుగు గుక్కలు తాగేసరికి గేదె చేపుతుంది. అప్పుడు చెంబు పట్టుకుని పాలు పితకడానికి కూర్చుంటుంది.

ఆ ఇంటికి ఉన్నది ఎకరంన్నర చెక్క. ఒక పాడిగేదె. దానికి ఒక పెయ్యదూడ. రెండు మేకలు. ఐదారు కోళ్లు. చెక్క మీద డబ్బు వచ్చేది ఏడాదికి ఒకసారి. మహా అయితే రెండుసార్లు. అదీ వానలు పడితేనే. గేదె మాత్రం రెండు పూటలా పాలు ఇస్తుంది. పదిహేను రోజులకోసారి పాల బిల్లు వస్తుంది. ఉప్పు, పప్పు, సబ్బు, మందులు, పిల్లవాడి బస్సు ఖర్చు, అన్నీ దాని మీదే.

కోళ్లను గంప కింద నుండి వదలాలి. మేకలకు రొట్ట కొట్టాలి. గట్ల మీద గడ్డి కోయాలి. పిడకలు చేయాలి. ఈ పనంతా అత్తా కోడళ్లదే. రాత్రి గిన్నెలు కడిగాక ఒక గంట తీరిక దొరుకుతుంది. ఆ గంటలో ఇద్దరూ టీవీలో సినిమా చూస్తారు.

అత్తకు సినిమా అంటే చిన్నప్పటి నుండీ ఇష్టం. అప్పట్లో ఊరి బయట డేరా వేసి సినిమాలు ఆడేవాళ్లు. పాలు పితికి, దూడను కట్టేసి, పరుగున పోయేవాళ్లు. నేల టికెట్టు కొని ఇసుకలో కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఆ డేరా లేదు. సినిమా ఇంట్లోకే వచ్చింది.

సినిమాల్లో పల్లె అందంగా ఉంటుంది. హీరోయిన్ గడ్డిమోపు ఎత్తుకుని పాట పాడుతుంది. జడ చెదరదు. చీరకు పేడ అంటదు.

"ఆ పిల్ల ఏనాడైనా పాలు పితికిందంటావా?" అని అత్త నవ్వుతుంది.

గేదెలున్న వాళ్లు తీసిన సినిమా

సంక్రాంతి సెలవులకు మనవడు వచ్చాడు. పట్నంలో డిగ్రీ చదువుతున్నాడు.

"నానమ్మా, నీకొక సినిమా చూపిస్తా. దాన్ని గేదెలున్న వాళ్లే తీశారు" అన్నాడు.

"పో రా! గేదెలు కాసుకునే వాళ్లు సినిమా ఎట్లా తీస్తారు?" అంది అత్త.

ఆ సినిమా పేరు 'మంథన్'. మంథన్ అంటే చిలకడం. అది హిందీ సినిమా. 1976లో వచ్చింది. తీసిన దర్శకుడు శ్యామ్ బెనెగల్. ఆయన పుట్టి పెరిగింది మన హైదరాబాదు దగ్గరే. తెలుగులో 'అనుగ్రహం' అనే సినిమా కూడా తీశాడు. 2024లో చనిపోయాడు.

సినిమా తీయడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఏ షావుకారూ పెట్టలేదు. గుజరాత్‌లో పాలు పోసే రైతులు పెట్టారు. 5 లక్షల మంది, ఒక్కొక్కరు 2 రూపాయలు ఇచ్చారు. 5 లక్షలను 2తో హెచ్చవేస్తే 10 లక్షల రూపాయలు. ఆ డబ్బుతోనే సినిమా తయారయింది. సినిమా మొదట్లో ఆ 5 లక్షల మంది రైతుల సంగతే తెర మీద వస్తుంది. సినిమా ఆడినప్పుడు రైతులు లారీలు కట్టుకుని వచ్చి చూశారు. అది వాళ్ల సినిమా. చూడకుండా ఉంటారా?

ఆ కథ ఎక్కడిది?

గుజరాత్‌లో ఖేడా అనే జిల్లా ఉంది. అక్కడి రైతుల పాలు రైల్లో బొంబాయికి పోయేవి. జిల్లాలో పాలు కొనేది ఒక పెద్ద ప్రైవేటు డెయిరీ. దళారులు పాలు పోయించుకుని డెయిరీకి ఇచ్చేవాళ్లు. ధర వాళ్లు చెప్పిందే. పాలు నిలవ ఉండవు. పొద్దున్న పితికినవి మధ్యాహ్నానికి విరిగిపోతాయి. అందుకే రైతు ఎంతకైనా ఇవ్వక తప్పేది కాదు.

1946లో ఆ రైతులు ఒక్కమాట మీద నిలబడ్డారు. పదిహేను రోజుల పాటు పాలు పోయలేదు. బొంబాయికి పాలు అందలేదు. అప్పుడు సర్కారు దిగివచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో వాళ్ల సహకార సంఘం రిజిస్టరు అయింది. త్రిభువన్‌దాస్ పటేల్ అనే నాయకుడు ముందుండి నడిపించాడు. 1949లో వర్గీస్ కురియన్ అనే ఇంజనీరు అక్కడికి వచ్చి చేరాడు. ఈనాడు అందరికీ తెలిసిన 'అమూల్' ఆ సంఘం నుండి పుట్టిందే.

'మంథన్' సినిమాకు ప్రేరణ ఇదే. సినిమాలో ఒక పశువుల డాక్టరు పల్లెకు వస్తాడు. పాల సంఘం పెట్టుకోమంటాడు. అప్పటిదాకా చౌకగా పాలు కొంటున్న డెయిరీ యజమానికి అది గిట్టదు. ఊరి పెద్దకూ గిట్టదు. ఎందుకంటే సంఘం దగ్గర అందరికీ ఒకటే వరస. పెద్ద కులం వాళ్లూ, దళితులూ ఒకే వరసలో నిలబడి పాలు పోయాలి.

అందులో బిందు అనే ఆడమనిషి ఉంది. ఆ వేషం స్మితా పాటిల్ వేసింది. బిందుకు ఒక గేదె, ఒక బిడ్డ. నోట్లో మాట ఉంది. చేతిలో పని ఉంది. చదువు మాత్రం లేదు. చివరికి ఆమె చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. ఆ కాగితంలో డాక్టరు మీద చెడ్డ నింద రాసి ఉంటుంది.

ఆ చోటికి వచ్చేసరికి కోడలు మాట్లాడలేదు. తన బొటనవేలి వైపు చూసుకుంది. ఏడాది కిందటి దాకా తనూ వేలిముద్రే వేసేది.

సినిమాలో డాక్టరు ఊరు విడిచి వెళ్లిపోతాడు. అయినా సంఘం ఆగదు. ఊరి వాళ్లే దాన్ని నడుపుకుంటారు. తర్వాతి రోజుల్లో ఈ సినిమానే ఊరూరా చూపించి, పాల సంఘాల గురించి జనానికి చెప్పారు. దాన్ని బాగుచేసి 2024లో మళ్లీ హాళ్లలో కూడా ఆడించారు.

చీటీలో ఏముంది?

మర్నాడు పొద్దున్న కోడలు పాలు పోసి వచ్చింది. పాల కేంద్రంలో ఇచ్చిన చీటీని ఎప్పుడూ దూలంలో దోపేది. ఆ రోజు కింద కూర్చుని చదివింది.

చీటీలో నాలుగు సంగతులు ఉంటాయి.

1. పాలు ఎన్ని లీటర్లు.
2. ఫ్యాట్ ఎంత. ఫ్యాట్ అంటే పాలలోని వెన్న. 100 గ్రాముల పాలలో 6 గ్రాముల వెన్న ఉంటే ఫ్యాట్ 6 అని రాస్తారు. గేదె పాలలో ఇది ఆవు పాలలో కంటే ఎక్కువ.
3. ఎస్.ఎన్.ఎఫ్. ఎంత. వెన్న, నీళ్లు తీసేస్తే మిగిలే చిక్కదనం ఇది. పాలలో నీళ్లు కలిస్తే ఇదీ తగ్గుతుంది, వెన్నా తగ్గుతుంది.
4. లీటరు ధర ఎంత, మొత్తం డబ్బు ఎంత.

ధర ఎక్కువగా వెన్నను బట్టే ఉంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక్కో ఫ్యాట్‌కు 8 రూపాయలు అనుకుందాం. ఫ్యాట్ 7 ఉంటే లీటరు 56 రూపాయలు. 3 లీటర్లకు 168 రూపాయలు. ఫ్యాట్ 5.5 ఉంటే లీటరు 44 రూపాయలు. 3 లీటర్లకు 132 రూపాయలు. పాలు అవే 3 లీటర్లు. తేడా 36 రూపాయలు. నెలకు 1080 రూపాయలు!

కోడలు చీటీలన్నీ ముందు పెట్టుకుంది. సాయంత్రం చీటీల్లో ఫ్యాట్ 7. పొద్దుటి చీటీల్లో 5.5.

"అత్తయ్యా, గేదె ఒకటే. మేత ఒకటే. పొద్దున్న వెన్న ఎందుకు తగ్గుతోంది?"

"మిషన్‌లో మోసం ఉందేమోనే" అంది అత్త.

వెన్న ఎందుకు తగ్గుతుంది?

ఇద్దరూ పాల కేంద్రానికి వెళ్లి అడిగారు. మొదట వాళ్ల పాలనే పరీక్ష చేయించారు. పాలు కదలకుండా ఉంటే వెన్న పైకి తేలుతుంది. పరీక్షకు అడుగు పాలు తీస్తే ఫ్యాట్ తక్కువ చూపిస్తుంది. అందుకే పాలను బాగా కలియబెట్టి, తర్వాతే నమూనా తీయాలి. వాళ్ల కళ్ల ముందే కలియబెట్టి తీశారు. అయినా 5.5 వచ్చింది. మిషన్‌లో తప్పు లేదు.

అసలు సంగతి పాకలోనే ఉంది. పొదుగులో పాలన్నీ ఒక తీరుగా ఉండవు. మొదట వచ్చే పాలు పలచన. వాటిలో వెన్న తక్కువ. చివరి పాలు చిక్కన. వాటిలోనే వెన్న ఎక్కువ. పొద్దున్న వ్యాను వస్తుందనే తొందరలో కోడలు చివరి పాలు పితకకుండా లేచేది. ఆ చిక్కటి పాలు పొదుగులోనే ఉండిపోయేవి, లేదా దూడ తాగేసేది. సాయంత్రం తీరికగా పితికేది. అదీ తేడా.

అంటే దూడ కడుపు మాడ్చమని కాదు. దూడకు దాని వంతు పాలు మొదట్లోనే తాగించాలి. తర్వాత పొదుగు ఖాళీ అయ్యేదాకా పితకాలి. పొదుగులో పాలు మిగిలితే గేదెకు పొదుగువాపు వచ్చే ప్రమాదం కూడా ఉంది.

మేత కూడా చూసుకోవాలి. దాణా ఒక్కటే ఎక్కువ పెట్టి, గడ్డి తగ్గిస్తే వెన్న తగ్గుతుంది. ఎండుగడ్డి, పచ్చిగడ్డి రెండూ ఉండాలి.

పొద్దుటి పాలకు, సాయంత్రం పాలకు కొంచెం తేడా ఉండటం మామూలే. రాత్రంతా పొదుగులో చేరిన పాలు కాస్త పలచగా ఉంటాయి. కానీ తేడా మరీ ఎక్కువ ఉంటే కారణం వెతకాలి.

కోడలు పావుగంట ముందు లేవడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి పొద్దుటి చీటీలో ఫ్యాట్ 6.4 అని వచ్చింది. కోడలు దాన్ని రెండుసార్లు చదివింది. అత్తకు కూడా చదివి వినిపించింది.

గేదె ఎవరిది? పేరు ఎవరిది?

చీటీ చదువుతుంటే ఇంకో సంగతి కూడా కనపడింది. పైన సభ్యుడి పేరు ఉంది. అది మామ పేరు. గడ్డి కోసేది కోడలు. పాలు పితికేది కోడలు. పాలు పోసేది కోడలు. సంఘం మీటింగుకు పోయేది మామ. ఓటు వేసేది మామ.

సహకార సంఘంలో ఒక సభ్యుడికి ఒకే ఓటు. పది గేదెలున్నా ఒక్కటే. ఒక గేదె ఉన్నా ఒక్కటే. ధర గురించి, దాణా గురించి, లాభం పంపకం గురించి అక్కడే మాట్లాడతారు. సభ్యురాలు కాని మనిషికి అక్కడ ఓటు లేదు.

ఆడవాళ్లే సభ్యులుగా ఉన్న పాల సంఘాలూ ఉన్నాయి. తెలంగాణలో ములుకనూరు మహిళా డెయిరీ అలాంటిదే. 2000లో మొదలైంది. అక్కడ పాలు పోసే ఆడవాళ్లే సభ్యులు. వాళ్ల పాల పేరు 'స్వకృషి'. అంటే సొంత కష్టం అని అర్థం.

"మామయ్యా, సంఘంలో నేను కూడా సభ్యత్వం తీసుకుంటాను" అని కోడలు అడిగింది.

మామ వెంటనే ఏమీ అనలేదు. అత్త అందుకుంది. "గుజరాత్‌లో వాళ్లు రెండేసి రూపాయలు వేసుకుని సినిమానే తీశారు. మన పిల్ల సభ్యత్వం కట్టుకుంటానంటే ఆలోచన దేనికి?"

మరుసటి సోమవారం కోడలు సంఘం ఆఫీసుకు వెళ్లింది. దరఖాస్తు కాగితం ఇచ్చారు. గుమస్తా అలవాటుగా సిరా డబ్బా ముందుకు జరిపాడు.

కోడలు ముందు కాగితం అంతా చదివింది. తెలియని మాట ఒకటి ఉంటే అడిగి తెలుసుకుంది. తర్వాత పెన్ను అడిగింది. సంతకం చేసింది.

ఆలోచించండి - మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో పాలు ఎవరు కొంటున్నారు? చీటీ ఇస్తున్నారా?
2. మీ చీటీలో పొద్దుటి ఫ్యాట్ ఎంత? సాయంత్రం ఫ్యాట్ ఎంత? వారం రోజులు రాసి చూడండి.
3. నమూనా తీసే ముందు పాలు కలియబెడుతున్నారా?
4. మీ ఇంట్లో పశువుల పని ఎవరు చేస్తున్నారు? సంఘంలో పేరు ఎవరిది?
5. మీరు చూసిన సినిమాల్లో మీ బతుకులాంటి బతుకు ఎందులో కనిపించింది? మీ తోటివాళ్లకు ఆ కథ చెప్పండి.